పుర్రచేతి కత్తి

తుపాను దాటిపోయిన మర్నాడు పొద్దున లేచి చూస్తే మా గేటుకు అడ్డంగా నిద్రగన్నేరు కొమ్మ పడి ఉంది. పేరుకు కొమ్మే గాని మొదలు నా తొడంత లావుంది. ఆ రోజు బాపట్లలో ఏ వీధిలో చూసినా ఇదే. చెట్లు కొట్టే మనుషులంతా పెద్ద రోడ్ల మీద ఉన్నారు, మా సందు వంతు రావడానికి రెండు మూడు రోజులు పడుతుందన్నారు. మా ఆయన రేపల్లెలో బడిపంతులు. ముందురోజు బస్సులు ఆగిపోవడంతో అక్కడే తోటి పంతులుగారి ఇంట్లో ఉండిపోయారు. ఇంట్లో నేనొక్కదాన్నే. గేటు కదలడం లేదు.

వంటింటి కత్తి పట్టుకొచ్చి చిన్న చిన్న రెమ్మలు కోస్తుంటే, సందు మొదట్లో కొబ్బరి బోండాల బండి పెట్టుకునే ఆమె చూసింది. ఆ రోజు ఆమెకు వ్యాపారం లేదు. బండి మీద పట్టా కప్పి, ఎవరైనా వస్తారేమోనని ఊరికే నిలబడి ఉంది. కాసేపు నన్ను చూసి, తన కత్తి పట్టుకుని వచ్చింది.

"దాంతో ఏం తెగుద్దండీ అక్కగారూ. ఇది తీసుకోండి" అంది.

నేను మొహమాటపడ్డాను. బోండాలు కొట్టేవాళ్లు తమ కత్తి ఇంకొకరి చేతిలో పెట్టరని విన్నాను. ఆమె మాత్రం కత్తి గోడ మీద పెట్టి, ఇంటికి వెళ్లి కప్పు సంగతి చూసుకుని వస్తానని చెప్పి వెళ్లిపోయింది. వాళ్లది రేకుల ఇల్లు.

ఆ కత్తి మూరకు కొంచెం తక్కువ పొడవు, చివర వెడల్పుగా, ముక్కు కిందికి వంగి ఉంటుంది. చేతిలోకి తీసుకోగానే బరువంతా ముందుకు లాగింది. అలవాటు లేని చెయ్యి కాబట్టి మొదట భయంభయంగా కొట్టాను. పది నిమిషాల్లో భయం పోయింది. ఇంకో పది నిమిషాల్లో సరదా పుట్టింది. రెమ్మలన్నీ కొట్టేసి, గేటు తీసుకునేందుకు దారి చేసుకుని, అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. ఆగలేదు. లావు కొమ్మ మీద పడ్డాను. నాలుగో దెబ్బకో ఐదో దెబ్బకో ఠంగుమని శబ్దం వచ్చి చెయ్యి మోచేతి దాకా జలదరించింది. ఎప్పుడో ఎవరో ఫ్లెక్సీ కట్టడానికి కొట్టిన మేకు లోపల ఉండిపోయింది. చెట్టు బెరడు దాని మీదుగా పెరిగి మింగేసింది. కత్తి అంచులో వేలిగోరంత ముక్క ఎగిరిపోయింది. పిడి రెండు చెక్కల్లో ఒకటి నిలువునా పగిలింది.

సాయంత్రం ఆమె వచ్చినప్పుడు చూపించాను. కత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. కోపం చూపించలేదు. నేనే తొందరపడి, రెండు రోజుల్లో కొత్తదానిలా చేసి ఇస్తానని మాటిచ్చాను. ఎవరికైనా ఇచ్చి చేయిస్తారా అని అడిగింది. లేదు, నేనే చేస్తానన్నాను. ఆమె ముఖంలో అనుమానం కనబడింది గాని, సరేనండి అంది. అంతవరకు బస్టాండు దగ్గర బోండాలు కొట్టే మరిది దగ్గర ఇంకో కత్తి ఉందట, అది తెచ్చుకుంటానంది.

ఆ ధీమా నాకు ఎక్కడిదో చెప్పాలి. నేను కాలేజీలో ఫిజిక్స్ ల్యాబులో పనిచేస్తాను. ఇరవై ఆరేళ్లుగా స్క్రూగేజీలు, లోలకాలు, విరిగిన స్టాండ్లు బాగుచేస్తూనే ఉన్నాను. ఇనుము వేడెక్కితే ఏమవుతుందో, చల్లారితే ఏమవుతుందో పిల్లలు రాసే రికార్డుల్లో ఏటేటా చదువుతాను. చర్చిలో హార్మోనియం మూగబోయినా, పక్కింటి వాళ్ల మిక్సీ ఆగినా నన్నే పిలుస్తారు. కత్తి ఎంతలే అనుకున్నాను.

మర్నాడు కాలేజీకి సెలవు. డాబా మీదికి పాత గోనెపట్టా, బకెట్టు నీళ్లు తీసుకెళ్లి కూర్చున్నాను. ముందు పగిలిన పిడి ఊడదీశాను. రివిట్లు సుత్తితో కొట్టి తీస్తే రెండు చెక్కలూ వచ్చేశాయి. ఏళ్ల తరబడి చేతి చెమట తాగి అవి నల్లగా, జిడ్డుగా, మనిషి ఒంట్లోంచి తీసినట్టున్నాయి. పారేయబుద్ధి కాలేదు. కొత్త పిడికి కొలత పనికొస్తుందని గుడ్డలో చుట్టి పక్కన పెట్టాను. కత్తిని నిమ్మకాయ చెక్కలతో రుద్ది, ఇటుక పొడి చల్లి, కిరసనాయిలు గుడ్డతో తోముతూ పోయాను. తుప్పు ఎర్రటి నీళ్లయి కారింది. లోపలి నుంచి చామనఛాయ ఇనుము బయటపడింది. ఆ పనిలో ఎంత సుఖం ఉందో చెప్పలేను. ఎండ తేలిగ్గా ఉంది. తుపాను కడిగిన ఆకాశం. మధ్యాహ్నం అన్నం సంగతి కూడా మర్చిపోయాను.

సాయంత్రానికి మా ఆయన రేపల్లె నుంచి వచ్చారు. డాబా మీద నన్నూ, నా చేతులనూ చూసి, మనింట్లో బోండాల కత్తులు నూరడం ఎప్పటి నుంచి మొదలైందని అడిగారు. జరిగింది చెప్పాను. విరగ్గొట్టిన కత్తికి కొత్త కత్తి కొనిస్తే సరిపోయేదానికి ఇంత తతంగం ఎందుకన్నారు. మాటిచ్చానన్నాను.

అంచులో పోయిన ముక్క మేరకు కత్తినంతా అరగదీయాలి. ఆకురాయితో రుద్దితే వారం పడుతుంది. మా పక్క వీధిలో వెల్డింగు చేసే అతని దగ్గర చేతిలో పట్టుకుని తిప్పే గ్రైండరు అడిగి తెచ్చుకున్నాను. కళ్లకు అద్దాలు పెట్టుకుని, స్విచ్చి వేసి అంచుకు ఆనించగానే నిప్పురవ్వలు పిట్టగోడ దాటి లేచాయి. ఎదురు డాబా మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ బుట్ట అక్కడే వదిలేసి కిందికి దిగిపోయింది. అరగంటలో గాటు మాయమైంది. అంచు సూటిగా వచ్చింది. మిషను ఆపి చూసుకున్నాను. అంచు పొడవునా, రెండు వేళ్ల వెడల్పున, నెమలికంఠం రంగు పరుచుకుని ఉంది.

ఆ రంగుకు అర్థం నాకు తెలుసు. పిల్లలకు నేనే చెప్పేదాన్ని. అయినా తెలియనట్టు, బకెట్టులో ముంచి తీసి, సానరాయి మీద నూరి, పిడి లేని మొదలుకు గుడ్డ చుట్టి పట్టుకుని, బజారు నుంచి తెప్పించిన బోండాం ఒకటి కొట్టి చూశాను. రెండు దెబ్బలకు అంచు రేకులా పక్కకు మడతపడింది. వేడికి కత్తి పదును చచ్చిపోయింది. పైకి చూస్తే మెరుస్తోంది. లోపల మాత్రం అది ఇక కత్తి కాదు.

మాటిచ్చిన రెండో రోజు గడిచింది. మూడో రోజు పొద్దున బండి దగ్గరికి వెళ్లాను. ఆమెకు ఏమని చెప్పాలో దారి పొడవునా అనుకుంటూ వెళ్లి, తీరా అక్కడికి వెళ్లాక, "పాడుచేశానమ్మా" అని మాత్రమే అన్నాను.

ఆమె బోండాం కొడుతూనే ఉంది. మరిది ఇచ్చిన కత్తి తేలికది, దాంతో నాలుగు దెబ్బలు కొట్టాల్సిన చోట ఏడెనిమిది కొడుతోంది. చేతిలో బోండాం పూర్తిచేసి, నిలబడిన కుర్రాళ్లకు ఇచ్చి పంపించి, అప్పుడు అంది.

"ఇనుమేగా అండీ, పోతే పోద్ది. కాకపోతే అది మా ఆయన తెనాలిలో దగ్గరుండి చేయించుకున్న కత్తండి. లారీ కమాను పట్టీ పట్టుకెళ్లి చేయించాడు. ఆయన పోయి నాలుగేళ్లయింది. అప్పటి నుంచి నేను కొడతన్నా."

ఆమె భర్త పోయిన సంగతి నాకు తెలుసు. అంతకు ముందు ఆ బండి అతనే నడిపేవాడు. నేను పాడుచేసింది అతని కత్తి అని మాత్రం నాకు తట్టలేదు. తెనాలిలో ఎక్కడ అని అడిగాను. ఆమెకు గుర్తు లేదు. కాలవ దాటాక సాయిబుల ఇళ్ల వైపు అని మాత్రం చెప్పగలిగింది.

రెండో శనివారం తెనాలి రైలెక్కాను. సంచిలో కత్తి, గుడ్డలో చుట్టిన పాత పిడి చెక్కలు. కత్తితో రైల్లో వెళ్తున్నందుకు నాకు నేనే దొంగలా అనిపించి, సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. స్టేషను బయట ఇద్దరు ముగ్గురిని అడిగితే, మాంసం కత్తులు, కొడవళ్లు చేసే ఒక పెద్ద సాయిబు గారి కొలిమికి దారి చూపించారు. రేకుల పాక. ఒకప్పుడు తోలు తిత్తి ఉండే చోట ఇప్పుడు చిన్న కరెంటు ఫ్యాను బొగ్గుల్లోకి గాలి ఊదుతోంది. ఆయనకు డెబ్బై దాటి ఉంటాయి. లుంగీ, చేతుల్లేని బనీను, ముక్కు మీదికి జారిన కళ్లజోడు.

బోండాలు కొట్టే అతను చేయించుకున్న కత్తి మీదేనా అని ఎంతో ఆశగా చూపించాను. ఆయన మొదటి చూపులోనే నాది కాదన్నాడు. ఎవరిదో తెలుసా అంటే తల అడ్డంగా ఊపాడు. నేను నిరుత్సాహపడ్డాను. ఆయన మాత్రం కత్తి చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటి విన్నాడు. తర్వాత అంచు మీది నీలం రంగు చూసి, ఎవరు చేశారని అడిగాడు. నేనేనన్నాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని నన్ను ఒకసారి చూశాడు.

"నీళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యాలమ్మా. వేలు ఆన్చి ఓర్చుకోలేనంత వేడెక్కిందంటే మిషను ఆపెయ్యాలి. ఇనుము మంచిదే. మళ్లీ పదును ఎక్కిద్ది" అన్నాడు.

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగినంత పనైంది. కొత్త పిడికి కొలత పనికొస్తుందని పాత చెక్కలు కూడా తీసి ఆయన ముందు పెట్టాను. వాటిని చూడగానే ఆయన కత్తి పక్కన పెట్టేశాడు. రెండు చెక్కలూ జతచేసి పట్టుకుని, వెలుతురు వైపు తిరిగి, బొటనవేలితో తడుముతూ పోయాడు.

"ఈ కత్తి వాడేది ఎవరమ్మా?"

"మా వీధిలో బోండాలు కొట్టే ఆమె, బాబాయ్ గారూ."

"ఆమె పుర్రచెయ్యా?"

నాకు తెలియదు.

ఆయన నా వేలు పట్టుకుని చెక్క మీద పెట్టి చూపించాడు. ఒక పక్క లోతైన గుంట ఉంది. అది చాలా ఏళ్లు కుడిచేతి బొటనవేలు ఆనిన చోటు. రెండో పక్క, అంత లోతు లేని ఇంకో గుంట ఉంది. అది ఈ మధ్య కొన్నేళ్లలో పడింది, ఎడమచేతిది. ఒకరి తర్వాత ఒకరు ఇద్దరు వాడారు, మొదటివాళ్లది కుడిచెయ్యి, రెండోవాళ్లది పుర్రచెయ్యి అన్నాడు. తర్వాత కత్తి అంచు చూపించాడు. అది రెండు పక్కలా సమంగా అరగదీసింది కాదు. ఒక పక్కే వాలు ఉంది, రెండో పక్క చదును. కుడిచేతితో కొట్టేవాడికి అది బోండాంలోకి సూటిగా దిగుతుంది. అదే ఎడమచేత్తో కొడితే పైకి జారిపోతుంది. జారకుండా ఉండాలంటే ప్రతి దెబ్బకూ మణికట్టు మెలితిప్పాలి.

"పదును నేను ఎక్కిస్తా. వాలు ఎటు పెట్టాలో నువ్వు చెప్పు. కుడిచేతికే ఉంచమంటే ఉంచుతా" అన్నాడు.

అడిగి వస్తానని చెప్పి, కత్తి అక్కడే ఉంచి, పిడి చెక్కలు తీసుకుని వచ్చేశాను.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆమెను కళ్లముందుకు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఆమె భర్త పోయాక నాలుగేళ్లుగా వారానికి రెండుసార్లయినా ఆమె చేతి మీదుగా బోండాం తాగాను. బోండాం కనబడుతోంది. అందులో గుచ్చిన గొట్టం కనబడుతోంది. ఆమె చీర కొంగు నడుముకు చుట్టుకున్న తీరు కనబడుతోంది. కత్తి ఏ చేతిలో ఉందో మాత్రం కనబడటం లేదు. నేను ల్యాబులో పిల్లలకు రోజూ చెప్పే మాట ఒకటుంది, ముందు సరిగ్గా చూడండి, తర్వాత రాయండి అని. బాపట్లలో దిగేదాకా ఆ మాట నన్ను వదల్లేదు.

మర్నాడు ఆదివారం. ఆరాధనకు వెళ్లేముందు బండి దగ్గర ఆగాను. ఆమె కొడుతోంది. ఎడమచెయ్యి. కత్తి దిగేముందు మణికట్టు లోపలికి చిన్నగా మెలితిరుగుతోంది, సాయిబు గారు చెప్పినట్టే. బోండాం పట్టుకున్న కుడిచేతి చూపుడువేలు మీదా బొటనవేలు మీదా తెల్లటి పాత గాట్లు, ఐదో ఆరో. బోండాం అందించేటప్పుడు మాత్రం కత్తి కింద పెట్టి కుడిచేత్తో ఇస్తోంది.

నీది పుర్రచెయ్యని నాకు ఇన్నాళ్లూ తెలియలేదని చెప్పాను. ఆమె నవ్వింది. మొదట్లో తనే దాచుకునేదాన్నని చెప్పింది. ఎడమచేత్తో ఇస్తే కొంతమంది పుచ్చుకోరట. చిన్నప్పుడు అన్నం దగ్గర వాళ్లమ్మ ఎడమచేతిని గుడ్డతో నడుముకు కట్టేసేదట. అలా తినడం, ఇవ్వడం కుడిచేతికి అలవాటైంది గాని, కత్తి మాత్రం ఎప్పటికీ రాలేదంది.

సాయిబు గారు చెప్పింది చెప్పాను. వాలు అటు నుంచి ఇటు మార్చవచ్చు, కాని మార్చాక ఇక కుడిచేతి కత్తి కాదు, నీ కత్తి అవుతుంది అన్నాను. ఆమె ముఖంలో నవ్వు తగ్గింది.

"ఆయన చేతికి చేయించుకున్నదండి అది" అంది. ఇంకో బోండాం చేతిలోకి తీసుకుని, "రేపు చెబుతానండి" అంది.

నేను ఒత్తిడి చేయలేదు. సోమవారం కాలేజీకి వెళ్తుంటే దూరం నుంచే చెయ్యి ఊపి పిలిచింది. చెప్పాల్సిన మాట ముందే కూడబలుక్కున్నట్టుంది, తడుముకోకుండా చెప్పింది.

"కొట్టేది నేను కదండీ. నా చేతికే పెట్టించండి. పాత పిడి మాత్రం నాకు ఇచ్చెయ్యండి అక్కగారూ, పారెయ్యకండి."

ఆ సాయంత్రమే రెండు చెక్కలనూ, పగిలినదాన్ని కూడా, శుభ్రం చేయకుండా అలాగే గుడ్డలో చుట్టి ఇచ్చాను. చీర కొంగులో పెట్టుకుంది.

తర్వాతి ఆదివారం ఆరాధన అవగానే తెనాలి వెళ్లాను. వస్తున్నానని ముందే ఫోను చేయడంతో పెద్దాయన నాకోసమే కొలిమి వెలిగించకుండా ఆగాడు. ఆయన భార్య లోపలి నుంచి టీ పంపించింది. కత్తి బొగ్గుల్లో ముందు నల్లగా, తర్వాత ముదురు ఎరుపుగా, ఆ పైన పండు మిరపకాయ రంగుకు వచ్చింది. ఆయన దాన్ని తీసి నూనెలో ముంచగానే పాకంతా పొగ. ఇప్పుడది గట్టిపడింది గాని గాజులా పెళుసుగా ఉంటుంది, కింద పడితే విరుగుతుందని చెప్పి, ఒక పక్క ఎమరీ కాగితంతో రుద్ది మెరిపించి, మళ్లీ సన్నటి సెగ మీద పెట్టాడు. ఈసారి నన్ను దగ్గరికి పిలిచాడు.

"అంచు మీదే చూస్తా ఉండు. ముందు ఎండుగడ్డి రంగొస్తది. అది బెల్లం రంగులోకి తిరిగేలోపు చెప్పు" అన్నాడు.

నేను రెప్ప వేయలేదు. తెల్లటి ఇనుము మీద లేత పసుపు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా వచ్చింది. చిక్కబడుతూ పోయింది. ఇక చాలని నాకనిపించిన క్షణంలో చెప్పబోతుంటే, ఆయన అప్పటికే తీసి ముంచేశాడు. పుస్తకాల్లో ఆ రంగుకు ఎన్ని డిగ్రీలో నాకు కంఠతా వచ్చు. ఆయనకు ఆ అంకె తెలియదు, అవసరమూ లేదు.

నీళ్లు కారుతూ నెమ్మదిగా తిరిగే సానరాతి మీద కొత్త వాలు పెట్టాడు. పూర్తిగా నునుపు చేయలేదు. మిగతాది నువ్వు చేసుకో, నువ్వే మొదలుపెట్టావుగా అన్నాడు. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో ఇంటికొచ్చేదాకా ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

ఆ వారమంతా సాయంత్రాలు డాబా మీదే. గ్రైండరు జోలికి పోలేదు. గరుకు కాగితం, తర్వాత సన్న కాగితం, ఆ పైన సానరాయి, నీళ్లు. చేత్తో రుద్దడం. శుక్రవారం మా ఆయన రేపల్లె నుంచి వచ్చి, సంచిలోంచి వార్తాపత్రికలో చుట్టిన పొట్లం తీసి నా ముందు పెట్టారు. రెండు నల్లతుమ్మ చెక్కలు, అరచెయ్యి వెడల్పువి. వాళ్ల బడిలో చదివే ఒక పిల్ల తండ్రి వడ్రంగి, నిజాంపట్నం వైపు పడవలకు మరమ్మతులు చేస్తాడట. పడవ పక్కటెముకలకు తెచ్చిన చెక్కలో మిగిలిన ముక్కలివి. నేను అడగలేదు. ఆయన అతన్ని అడిగినట్టు కూడా నాకు చెప్పలేదు. తుమ్మ అయితే నీళ్లకు పాడవదని అతను అన్నాడని మాత్రం చెప్పి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

పిడి ఆమె చేతికి సరిపోవాలని నాకు పట్టుదల వచ్చింది. ఒక కర్ర ముక్క చుట్టూ చపాతీ పిండి అద్ది, బండి దగ్గరికి తీసుకెళ్లి, కత్తి పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకోమన్నాను. ఆమె పక్కన పూలమ్మే ఆమె వైపు చూసి సిగ్గుపడుతూ పట్టుకుంది. నాలుగు వేళ్లూ, బొటనవేలూ, అరచేతి ఉబ్బూ పిండిలో అచ్చుపడ్డాయి. ఆమె చెయ్యి నేననుకున్నదానికన్నా చిన్నది. ఆ అచ్చు చూసుకుంటూ ఆకురాయితో చెక్కలు అరగదీశాను. మూడు ఇత్తడి రివిట్లు వేసి బిగించాను. పైన వార్నిష్ మూడు పూతలు వేశాను. ఆరాక అద్దంలా మెరిసింది. మా ఆయన కూడా చేతిలోకి తీసుకుని, బాగా వచ్చిందన్నారు.

తీసుకెళ్లి ఇచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఆమె కత్తి ఎడమచేతిలో పట్టుకుని బరువు చూసుకుంది. పిడి మీద వేళ్లు వాటి చోట్లలో అవే కూర్చున్నాయి. బోండాం తీసి ఒక దెబ్బ కొట్టింది. పీచు ముక్క తెగి పక్కకు ఎగిరింది. ఆమె ఆగిపోయింది. తెగిన చోటు వైపు చూసింది. మళ్లీ కొట్టింది. మూడో దెబ్బకు బోండాం నెత్తి నున్నగా లేచిపోయింది, చుక్క ఒలకలేదు. నేను పూలమ్మే ఆమె ముందు సంతోషం బయటపడకుండా బండి మీది బోండాలు సర్దాను.

రెండో బోండాం దగ్గర ఆమె చెయ్యి తడిసింది. దెబ్బ వేయబోతుంటే పిడి వేళ్లలోంచి జారింది. గబుక్కున కత్తి బండి మీద పెట్టేసింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని మళ్లీ పట్టుకుంది. మళ్లీ జారింది. నా ముఖం చూసి, చాలా బాగుందండి అంది. అలా అన్నాక కూడా కత్తి చేతిలోకి తీసుకోలేదు.

మర్నాడు నేను వెళ్లేసరికి పిడి చుట్టూ పాత సైకిలు ట్యూబు వరసలు వరసలుగా చుట్టి ఉంది. నా ఇత్తడి రివిట్లు లేవు, నా మెరుపు లేదు. నల్లటి రబ్బరు. ఆమె తప్పు చేసినట్టు నిలబడింది.

"తడి చేతికి నిలవట్లేదండి. ఏమనుకోకండి."

అనుకున్నాను. మూడు సాయంత్రాల పని అది. ఇంటికి వచ్చి చాలాసేపు ముభావంగా ఉన్నాను. మా ఆయన కారణం అడిగి తెలుసుకుని, అద్దంలా వార్నిష్ వేస్తే తడి చేతికి జారదా మరి అన్నారు. నాకు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. ఆ ఆదివారం కత్తి అడిగి తెచ్చుకుని వార్నిష్ అంతా గోకేశాను. ఆకురాయి అంచుతో పిడి మీద అడ్డంగా సన్నటి గీతలు పెట్టాను, పట్టు కోసం. ఆముదం పట్టించి, రాత్రంతా ఆరనిచ్చి ఇచ్చాను. ఆమె రెండు రోజులు వట్టి పిడితోనే కొట్టింది, బహుశా నా మనసు కోసం. మూడో రోజు మళ్లీ ట్యూబు చుట్టింది, ఈసారి ఒక వరసే. ఇప్పుడు నిలుస్తోందంది. ఇక నేను దాని జోలికి వెళ్లలేదు.

కత్తి అంచు మాత్రం నిలబడింది. మొదట్లో కొన్ని రోజులు ఆమె పాత అలవాటు కొద్దీ మణికట్టు తిప్పేది, దాంతో కత్తి లోపలికి ఎక్కువ దిగి రెండు మూడు బోండాలు చేతిలోనే పగిలాయి. నీళ్లు మీద పడి తడిసిపోయి నవ్వింది. పూలమ్మే ఆమె కూడా నవ్వింది. వారం పది రోజులకు చెయ్యి సర్దుకుంది. నాలుగు దెబ్బల చోట మూడు సరిపోతున్నాయి. మరిది కత్తి తిరిగి ఇచ్చేసింది.

నెల దాటాక ఒక పొద్దున కాలేజీకి వెళ్తూ బోండాం తాగుదామని ఆగాను. ఎండలు మొదలయ్యాయి. ఆమె బోండాం కొడుతూ, నా వైపు చూడకుండా, మామూలు మాటలా అంది.

"రాత్రిళ్లు నిద్ర పడతందండీ అక్కగారూ."

అంతకు ముందు పట్టేది కాదా అని అడిగాను. ఎడమ భుజం నాలుగేళ్లుగా నొప్పి అని చెప్పింది. రాత్రి ఆ పక్కకు తిరగలేకపోయేదట. బండి తోసే నొప్పి, ఒంటరి పని, అందరికీ ఉండేదే అనుకుని ఎవరికీ చెప్పలేదట. పడుకునే ముందు బామ్ రాసుకునేది. పోయిన నెల కొన్న డబ్బా ఇంకా సగం కూడా అవలేదట.

"ఆయన కత్తి కదా, చేతికి ఎదురు తిరిగితే మాత్రం ఏమనుకుంటాం అని కొట్టేదాన్నండి" అంది. గొట్టం గుచ్చి, కుడిచేత్తో నాకు అందించింది.

డాక్టరుకు ఒకసారి చూపించుకోమన్నాను. అలాగేనండి అంది గాని, వెళ్లదని ఇద్దరికీ తెలుసు. బోండాం తాగేశాను. కాలేజీకి ఆలస్యమవుతోంది. బస్సు కోసం వచ్చిన కుటుంబం ఒకటి బండి ముందు ఆగి ఐదు కొట్టమన్నారు. ఆమె మొదటిది చేతిలోకి తీసుకుంది. ఐదూ కొట్టేదాకా నేను బండి గొడుగు నీడలో నిలబడి చూశాను.